నూట ఇరవై పనికిరాని కుర్చీలు

ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసులో కొమ్మోజు అప్పలాచారి చేసిన తప్పు ఒక్కటే. ఒక ఫారంలో అన్ని గళ్ళూ నింపాడు.

మామూలుగా నింపడు. రాష్ట్ర దారువస్తు అభివృద్ధి మండలి వారి ఉత్పత్తి కేంద్రంలో చేరిన దగ్గర్నించీ, ఫోర్‌మన్ అయ్యాక కూడా, ఫారాల్లో పేరూ తేదీ తప్ప మరో అక్షరం రాసిన పాపాన పోలేదు. స్టోర్సు వాళ్ళూ అంతకు మించి ఆశించలేదు. బండి హాయిగా నడిచిపోయింది. రిటైరవడానికి నాలుగు నెలలుందనగా మనిషికి బుద్ధి ఎందుకు గడ్డి తినాలో చెప్పండి!

ఆ ఏప్రిల్‌లో కాలవగట్టు ప్రాథమిక పాఠశాల హెడ్‌మిస్ట్రెస్ రత్నకుమారి టీచరు ఆర్డరు కాగితం చేత్తో పట్టుకుని స్వయంగా వర్క్‌షాపుకి వచ్చింది. పిల్లల కుర్చీలు, నూట ఇరవై.

"చారిగారూ, మా బడి కాలవకన్నా పల్లంలో ఉందండి. వానలు మొదలైతే గచ్చులోంచే నీళ్ళు ఊరతాయి. పిల్లలు యూరియా సంచులు పరుచుకుని కూచుంటారు. మధ్యాహ్నానికి సంచీ తడిసి, లాగూ తడిసి, పలకమీద రాసింది కూడా కారిపోతుంది. పోయినేడు సగం మందికి జ్వరాలు. మీకు దణ్ణం పెడతాను, వానలకి ముందు ఇప్పించండి."

"అయ్యో, దణ్ణాలెందుకమ్మా! తొలకరి పడేలోపు మీ పిల్లలు కుర్చీల్లో ఉంటారు. నాదీ పూచీ," అన్నాడు చారి. మాట ఇవ్వడం ఆయనకి తుమ్మినంత సులువు. నిలబెట్టుకోవడం కూడా అంతే సులువనుకునేవాడు, అప్పటిదాకా.

ఆ ధైర్యం ఊరికే రాలేదు. కుర్చీలో కాళ్ళూ, కూచునే పలకా ఎవరైనా చేస్తారు. కష్టమంతా వీపుపట్టె దగ్గరే. పిల్లాడి వీపుకి ఆనేలా లోపలికి వంపు తిరిగి ఉండాలి, నూట ఇరవైకీ అదే వంపు రావాలి. అందుకని ముందు ఆ వంపుతో ఒక అచ్చు కోసుకుంటారు. అచ్చుని కర్రకి బిగించి రౌటర్ మిషన్ తిప్పితే, మిషన్ కోసే బిట్టుకి ఉన్న చిన్న బేరింగు అచ్చు అంచు వెంబడి దొర్లుతుంది, పైనున్న పళ్ళు కర్రని ఆ వంపులోనే కోసుకుపోతాయి. అచ్చు ఎలా ఉంటే పట్టె అలా వస్తుంది. అచ్చు అంచులో గోరుగీత పడిందా, నూట ఇరవై పట్టెల మీదా ఆ గోరుగీతే.

టీచరు అటు వెళ్ళగానే చారి, కొత్త రౌటర్ వచ్చిన పెట్టె అడుగున వేసిన ఎండీఎఫ్ అట్టచెక్క ముక్క తీశాడు. గీత గీసి, కోసి, సాండ్‌పేపరు పట్టి, కళ్ళు మూసుకుని అంచు పొడుగునా బొటనవేలు నడిపాడు. వేలు ఎక్కడా ఆగలేదు. అరగంట పని. అచ్చుని తలుపు వెనక మేకుకి తగిలించి, తోటి పనివాడు మస్తాన్‌వలీతో, "ఇది పాడైతే రెండోది ఉండాలి కదా, ఒక ఎండీఎఫ్ షీటు రాయించి తెస్తా," అని స్టోర్సుకి వెళ్ళాడు.

అక్కడ ఫారం ఇచ్చారు. ఏడో గడిలో "ఈ పదార్థమునే ఎంచుకొనుటకు ఆధారము" అని ఉంది. చారి ఒక్క క్షణం ఆలోచించి, "అనుభవం" అని రాశాడు. రాసి, కింద గీత కూడా గీశాడు మహానుభావుడు!

మూడోరోజున ఫారం తిరిగొచ్చింది. స్టోర్సు సూపరింటెండెంటు చయనులుగారు ఎర్రసిరాతో రాశారు: "అనుభవము అను ఆధారము మండలి గుర్తించిన ఆధారముల జాబితాలో కానరాదు. విషయము డైరెక్టరు వారి దృష్టికి తీసుకుపోవడమైనది. అంతిమ నిర్ణయము వెలువడువరకు ఏ రౌటరూ ఏ కర్రనూ తాకరాదు."

సరిగ్గా ఆ వారమే డైరెక్టరు భుజంగరావుగారు చల్లటి కొండమీద అయిదు రోజులు ప్రామాణీకరణ శిక్షణ పొంది దిగారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పటికి నోరు తెరిస్తే "మూలం". కాఫీ బాగాలేకపోతే మూలం చూడమనేవారు. ఫ్యాను తిరక్కపోతే మూలంలోకి వెళ్ళమనేవారు, ఎలక్ట్రీషియన్ని మాత్రం పిలవనిచ్చేవారు కాదు. అలాంటి మనిషి బల్లమీదికి చారి ఫారం వెళ్ళింది. అచ్చంటే మూలం కాక ఏమిటి? ఆయన ఆనందానికి హద్దు లేకపోయింది. సాయంత్రానికల్లా ఉత్తర్వు దిగింది. అచ్చుని ఇకమీదట అచ్చు అనరాదు, మూలఫలకం అనవలెను. దాని పదార్థం తేల్చడానికి మూలఫలక పదార్థ ఎంపిక ఉన్నతస్థాయి సంఘం ఏర్పాటయింది. డైరెక్టరుగారు అధ్యక్షులు, చయనులుగారు కార్యదర్శి, బయటినుంచి డాక్టర్ ప్రభంజన్ అనే నిపుణుడు సభ్యుడు. ఈ ప్రభంజన్ ఏ విషయంలో నిపుణుడో చివరిదాకా తెలియలేదుగానీ, ఏ విషయమైనా వెనక్కి తగ్గేవాడు కాదు. చారి ప్రత్యేక ఆహ్వానితుడు. అంటే నిలబడి ఉండాలి.

మొదటి సమావేశానికి చారి ఎండీఎఫ్ అచ్చు పట్టుకెళ్ళాడు.

"ఏమయ్యా చారీ, ఇది దేంతో చేస్తారు?" అన్నారు డైరెక్టరుగారు.

"కర్రని మెత్తగా పొడిచేసి, జిగురు కలిపి, నొక్కుతారండి."

"పొడా!" డైరెక్టరుగారు అచ్చుని చచ్చిన ఎలకని వదిలినట్టు వదిలారు. "దారువస్తు మండలి మూలం పొడి అని తెలిస్తే రేపు శాసనసభలో నేను తల ఎక్కడ పెట్టుకోవాలి?"

"పైగా ఏ చెట్టు పొడో రికార్డు లేదు," అన్నారు చయనులుగారు. "పుట్టుపూర్వోత్తరాలు లేని పదార్థం."

తరవాత ప్లైవుడ్ వంతు వచ్చింది. ఏడు పొరలు. పైపొరా కిందిపొరా కనిపిస్తున్నాయి, మధ్యలో ఉన్న అయిదింటినీ చూడకుండా సంతకం పెట్టనని చయనులుగారు భీష్మించారు. సరేనని ఒక్కొక్క పొరా ఊడదీసి చూశారు. ఏడు పొరలూ నిక్షేపంలా ఉన్నాయి. ప్లైవుడ్డే లేదు. ఆ విధంగా అది పరీక్షకు నిలవలేదని మినిట్సులో రాసుకున్నారు.

యాక్రిలిక్ ప్లాస్టిక్ పలక బిట్టు వేడికి కరుగుతుందని చారి చెప్పగానే "ఒత్తిడికి లొంగే స్వభావము" అని దాని పేరుకెదురుగా రాసేశారు. టేకు మరీ అన్యాయమైపోయింది. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది కదా అని ప్రభంజన్ గుర్తుచేస్తే, "కాలాన్ని బట్టి వైఖరి మార్చుకునే పదార్థాన్ని మండలి భరించదు," అన్నారు డైరెక్టరుగారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కూచున్న కుర్చీ టేకుదే. అది ఏమీ అనలేదు.

చారికి ఓపిక నశించింది. "అయ్యా, అచ్చుకి కావలసింది నున్నటి అంచండి. సాండ్‌పేపరుకి లొంగాలి, బేరింగుకి లొంగకూడదు. ఎండీఎఫ్‌కి ఆ రెండు గుణాలూ ఉన్నాయి. ఒకవేళ చెడిపోయినా అరగంటలో ఇంకోటి కోసుకుంటాం."



"చెడిపోతే అన్నావా?" అన్నారు డైరెక్టరుగారు నెమ్మదిగా. "మూలం చెడిపోవడమా? చయనులుగారూ, రాసుకోండి. ఎన్నటికీ చెడిపోని, ఉబ్బని, తగ్గని, కాలని, కరగని, చెదపట్టని పదార్థం కావాలి."

అలాంటిది లోకంలో ఏముందా అని ఆ మధ్యాహ్నమంతా ఆలోచించారు. గాజు అన్నారు, ఇత్తడి అన్నారు. జిలేబీలు వచ్చాయి. జిలేబీ తింటూ ప్రభంజన్ కిటికీలోంచి చూస్తే, ఎదురుగా ఆఫీసు మెట్ల పక్కన ప్రారంభోత్సవాల ఫలకం నల్లగా నిగనిగలాడుతూ కనిపించింది. తినడం ఆపేశాడు.

"గ్రానైట్," అన్నాడు.

డైరెక్టరుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతే, నిర్ణయమైపోయింది. చారి వర్క్‌షాపుకి వచ్చి బల్లమీద కూలబడ్డాడు. "రాతితో కుర్చీ అచ్చు చేస్తారట మస్తానూ!" అంటే మస్తాన్‌వలీ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. "నయం అన్నా, కుర్చీయే రాతితో చెయ్యమన్లేదు," అన్నాడు.

మే నెలాఖరుకి నూట ఇరవై కుర్చీల కాళ్ళు, పలకలు బిగించి గోడవారగా పేర్చి ఉన్నాయి, వీపులు తప్ప. రత్నకుమారి టీచరు రెండోసారి వచ్చి ఆ వరస చూసి నిలబడిపోయింది.

"ఇంక వీపే కదండీ?"

"వీపేనమ్మా. రాయి వస్తోంది."

ఏ రాయని ఆవిడ అడగలేదు. ఆకాశంకేసి చూసి వెళ్ళిపోయింది. చారికి ఆవిడ ముఖం చూడ్డానికి సిగ్గేసింది. దొంగతనంగా మేకుకున్న అచ్చుతో కానిచ్చేద్దామా అనుకున్నాడు. కానీ చయనులుగారి ముద్ర పడనిదే గేటు దాటి కుర్చీ కాదుగదా, చెక్కపేడు కూడా పోదు. మూలఫలకంతో తీసిన పట్టెకి తప్ప ఆయన ముద్ర వెయ్యరు.

జూన్ మొదటి వారంలో రాయి వచ్చింది. అంగుళం మందం, పై అంచు చారి ఇచ్చిన వంపులోనే, అద్దంలా కోశారు. రాతిపనివాడెవరో చెయ్యి తిరిగినవాడే. చారి వేలితో తడిమి, పనికొస్తుందేమోనని ఆశపడ్డాడు కూడా. అయితే నల్లటి గ్రానైట్ పలక చేతికిచ్చాక దానిమీద పేర్లు చెక్కకుండా ఉండే శక్తి ఏ ప్రభుత్వ కార్యాలయానికి ఉంది? డైరెక్టరుగారి పేరు, సంఘం పేరు, బంగారు అక్షరాల్లో చెక్కారు. పేర్లు చెక్కాక ఆవిష్కరణ ఉండాలి. ఆవిష్కరణకి తెర ఉండాలి. తెర వెయ్యడానికి గోడ ఉండాలి. కట్టడాల విభాగం వాళ్ళకి రాతిపలక, దానిమీద పేర్లు కనిపిస్తే చేతులు ఊరుకోవు. ఆదివారం వచ్చి, వర్క్‌షాపు గోడకి ఛాతీ ఎత్తున సిమెంటు పెట్టి, మూలఫలకాన్ని శాశ్వతంగా అతికించేసి పోయారు.

సోమవారం పొద్దున చారి వచ్చి చూసి, సైకిలు స్టాండు వెయ్యడం కూడా మర్చిపోయాడు.

"అయ్యా, అచ్చుని గోడకి పెట్టేశారండి," అన్నాడు డైరెక్టరుగారితో.

"మరి మూలం ఎక్కడికి కదులుతుందయ్యా? కర్రే మూలం దగ్గరికి రావాలి."

కొబ్బరికాయ కొట్టారు. తెర లాగారు. ఆ వెనకే చయనులుగారు చిన్న డబ్బా తీశారు. ప్రభుత్వ ఆస్తికి నంబరు బిళ్ళ తగిలించనిదే వాడకంలోకి రాకూడదు. బిళ్ళంటే కాయితం కాదు, రూపాయంత అల్యూమినియం బిళ్ళ, రెండు రూపాయలు కలిపినంత మందం.

"చారీ, నియమం ప్రకారం వస్తువు ఏ భాగం వాడుకలో ఉంటుందో ఆ భాగం మీదే బిళ్ళ వెయ్యాలి. లేకపోతే ఎవరైనా మార్చేస్తారు. దీంట్లో వాడుకలో ఉండే భాగం ఏది?"

నిజం చెప్పడం చారికి చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. "ఈ వంపంచేనండి," అనేశాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు, ఏం లాభం? చయనులుగారు టేపు పెట్టి కొలిచి, వంపుకి సరిగ్గా నట్టనడుమ బంక రాసి, బిళ్ళ అతికించి, చేతులు దులుపుకున్నారు.

"బాబుగారూ, బేరింగు దానిమీద ఎక్కి దిగుతుందండి! ప్రతి పట్టె మీదా బుడిపె వస్తుంది. సరిగ్గా పిల్లల వెన్నుపూస దగ్గర!"

"గుర్తింపు బిళ్ళను తొలగించుట, కదుపుట, గీకుట శిక్షార్హము," అన్నారు చయనులుగారు, పాఠం ఒప్పజెప్పినట్టు.

గోడకున్న అచ్చుతో పని ఎలా చేస్తారో చూడాలంటే టిక్కెట్టు పెట్టొచ్చు. కర్రని ఫలకం మీద ఆనించి రెండు వెదుళ్ళు పోటు పెట్టి, మస్తాన్‌వలీ ఒక భుజంతో, వాచ్‌మన్ ఇంకో భుజంతో అదిమిపట్టారు. చారి ఆరు కిలోల రౌటర్ని ఛాతీకి ఎత్తుకుని గోడతో కుస్తీకి దిగాడు. చెక్కపొట్టు అంతా మీసాల్లోకి, కళ్ళలోకి వచ్చి కొట్టింది. వాచ్‌మన్ తుమ్మాడు. వెదురు జారింది. "యా అల్లా!" అని మస్తాన్, "ఓరి నాయనో!" అని చారి. అయినా బేరింగు రాతి అంచు వెంబడి సాఫీగా దొర్లింది. నట్టనడుమ బిళ్ళ దగ్గర టక్కుమని ఎక్కి, టక్కుమని దిగింది.

పట్టె తీసి చూస్తే ఉంది, చిక్కుడుగింజంత మందాన, పైనుంచి కిందిదాకా గట్టు. మొదటి కుర్చీకి బిగించారు. చారి చెయ్యి పెట్టి తడిమాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో తన చేతిలోంచి ఒక్క కుర్చీ వీపుకి గుచ్చుకున్నది లేదు. ఆ గట్టు తగలగానే ఆయనకి నిజంగా ఏడుపొచ్చింది, ముఖం నిండా పొట్టు ఉండబట్టి ఎవరికీ కనబడలేదుగానీ.

సంఘం వచ్చింది. చిన్నపిల్లల కుర్చీలో డైరెక్టరుగారు ఇరుక్కుని కూచున్నారు. మోకాళ్ళు గెడ్డానికి తగిలాయి. వెనక్కి వాలారు. "అబ్బా!" అని నిటారుగా అయిపోయారు.

చారికి ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడైనా తెలిసింది కదా!

ప్రభంజన్ ముందుకొచ్చాడు. "చూశారా సార్, మీరు నిటారుగా అయ్యారు. ఇది లోపం కాదు. వెన్నెముకకు నిరంతర జాగృతి కలిగించే బిందువు. పిల్లలు క్లాసులో వెనక్కి వాలి నిద్రపోవడం అనే జాతీయ సమస్యకి ఇది పరిష్కారం."

డైరెక్టరుగారు వీపు రుద్దుకుంటూ ఆలోచించారు. రుద్దుకోవడం పూర్తయ్యేసరికి నమ్మకం కుదిరింది. మర్నాడే ఉత్తర్వు వచ్చింది. దీని పేరు జాగృతి బిందువు. ఇది మండలి సొంత ఆవిష్కరణ. బిందువు కలిగిన కుర్చీలే ప్రామాణికం. వాటిని ముందుగా మండలి సమావేశ మందిరంలో ప్రతిష్ఠించి, పెద్దల చేతులమీదుగా ఆరంభోత్సవం జరిపించిన తరవాత పాఠశాలకు పంపుట జరుగును. ఆరంభోత్సవం తేదీ పిమ్మట తెలియపరచబడును.

బడి తెరిచారు. తొలకరి కూడా పడిపోయింది. రత్నకుమారి టీచరు మూడోసారి వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. మందిరానికి పోవడానికి సిద్ధంగా ఉన్న కుర్చీ ఒకదానిలో కూచుని, వెనక్కి వాలి, లేచింది.

"చారిగారూ, ఇవి రాకపోయినా ఫరవాలేదండి. సంచులే నయం," అంది మెల్లగా.

చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పెట్టేది కాదు. ఆవిడ వెళ్ళాక చారి తలుపు వెనక మేకునుంచి ఎండీఎఫ్ అచ్చు తీశాడు. బల్లమీద కర్ర బిగించి, అయిదు నిమిషాల్లో ఒక పట్టె తీసి, కుర్చీకి బిగించి, భుజాన వేసుకుని తిన్నగా చయనులుగారి ముందు పెట్టాడు.

"ఇది కూచుని చూడండి బాబుగారూ. ఒక్కసారి."

చయనులుగారు కూచోలేదు. పటకారులాంటి కొలబద్ద తీసి వీపుపట్టె మధ్యలో పెట్టారు. "బిందువు లేదు."

"లేదండి. అందుకే కదండీ..."

"మూలంతో సరిపోలడం లేదు. లోపభూయిష్టం." ఎర్రసిరా ముద్ర తీసి వీపు వెనక థపీమని కొట్టారు. అరచెయ్యంత అక్షరాలు: పనికిరాదు. అలవాటు ప్రకారం నియమావళి తిరగేసి పైకి చదివారు. "నిరుపయోగ వస్తువుల విభాగం, పదకొండో నియమం. పనికిరాదని ముద్రపడిన వస్తువును ఇరవై నాలుగు గంటలకు మించి ఆవరణలో ఉంచరాదు. పరిసరాల్లోని పాఠశాల ఏదైనా కోరినచో, ఎట్టి ఆరంభోత్సవమూ లేకుండా, మండలి వాహనంలోనే, తక్షణము, ఉచితముగా తరలించవలెను."

చారి చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"మళ్ళీ చదవండి బాబుగారూ."

మళ్ళీ చదివారు. నియమావళి రెండోసారి చదవమన్నవాడు సర్వీసు మొత్తంలో చారి ఒక్కడే. చయనులుగారు ముచ్చటపడి మూడోసారి కూడా చదివారు.

చారి వర్క్‌షాపుకి పరిగెత్తుకొచ్చాడు. అరవయ్యో ఏట మనిషి పరిగెత్తడం మస్తాన్‌వలీ ఎప్పుడూ చూళ్ళేదు.

"మస్తానూ! పని చెడగొడదాం పట్టు!"

"ఏమైందన్నా? ఎండదెబ్బా?"

సంగతి చెప్పేసరికి మస్తాన్‌వలీ రౌటర్ ప్లగ్గు పెట్టేశాడు. అప్పటికే బిందువు పట్టెలు బిగించేసి, మందిరానికి పోవలసిన ముప్ఫై కుర్చీలు ఎటూ పోయాయి. వాటి బదులు కొత్త కాళ్ళు కోసి లెక్క సరిచేశారు. మూడు రోజులు. మేకు మీది అచ్చు, నున్నటి అంచు, బేరింగు దొర్లుతుంటే పాలలో చెయ్యిపెట్టినట్టు ఉంది. ఒక్కొక్క పట్టె తీసి చారి కళ్ళు మూసుకుని బొటనవేలు నడిపేవాడు. వేలెక్కడా ఆగకపోతే, "శుద్ధ దండగ!" అనేవాడు. "పరమ నాసి!" అనేవాడు మస్తాన్‌వలీ. ఇద్దరూ చిన్నపిల్లల్లా ఇకిలించేవారు. ఒకదానికి ఎక్కడో చిన్న గరుకు తగిలింది. "ఇది మంచిదైపోయేట్టుంది జాగ్రత్త," అని మస్తాన్ మళ్ళీ సాండ్‌పేపరు పట్టాడు.

స్టోర్సులో ఒక రోజంతా థపీథపీమని మోతే. పనికిరాదు, పనికిరాదు, పనికిరాదు. చయనులుగారి భుజం పట్టేసింది. ఎర్రసిరా రెండు సీసాలు అయిపోయాయి. ఆయన ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఇంత పట్టుదలగా లోపాలు పట్టుకునే అవకాశం ఏ సూపరింటెండెంటుకి వస్తుంది? అటు రత్నకుమారి టీచరు "కోరుచున్నాము" అని ఒక్క వాక్యంతో ఉత్తరం రాసింది. మండలి లారీ నియమం ప్రకారం ఇరవై నాలుగు గంటల్లోపే నూట ఇరవై కుర్చీలనీ కాలవగట్టు బడి గుమ్మంలో దింపింది. చయనులుగారు తాడు ముళ్ళు స్వయంగా సరిచూసి పంపారు.

వారంలో విచారణ పెట్టారు.

సమావేశ మందిరంలో సంఘమంతా జాగృతి బిందువుల కుర్చీల్లో కూచుంది. ప్రతిష్ఠించినవి అవే మరి, వాటిలో కూచోకపోతే ఏం బాగుంటుంది? మోకాళ్ళు చెవుల దగ్గర, వీపులు గడకర్రల్లా, ఎవరూ వెనక్కి వాలే సాహసం చెయ్యలేదు. ప్రభంజన్ కిందటి సమావేశంలో ఒకసారి వాలాడు, అప్పట్నుంచీ పక్కకి తిరిగి కూచుంటున్నాడు. పూర్వం ఈ సంఘం సమావేశమంటే జిలేబీలు రెండుసార్లు వచ్చేవి. ఇది పదకొండు నిమిషాల్లో అయిపోయింది.

"ఏమయ్యా చారీ," అన్నారు డైరెక్టరుగారు, చెయ్యి వెనక్కి పోనిచ్చి వీపు రుద్దుకుంటూ. "రిటైరయ్యే నెలలో నూట ఇరవై కుర్చీలు తగలేశావు. ఒకటీ రెండూ అయితే చెయ్యి జారిందనుకుంటాం. వరసగా నూట ఇరవై!"

"అవునండి."

చయనులుగారు కొలతల కాగితం ముందుకి తోశారు. ఆయన గొంతులో మొదటిసారిగా కొంచెం అనుమానం వినిపించింది. "అధ్యక్షా, ఇందులో విచిత్రం ఒకటుంది. నూట ఇరవై కుర్చీలనీ నేనే కొలిచాను. లోపాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు. మన ప్రామాణిక కుర్చీల్లోనేమో, వెదురు జారినందువల్ల, ఏ రెండింటికీ పొంతన లేదు. తప్పులు ఇంత సమంగా రావడం ఎలా సాధ్యం?"

అందరూ చారికేసి చూశారు.

"అచ్చు మంచిదండి," అన్నాడు చారి.

డైరెక్టరుగారు ఏదో అనబోయి, ఆవేశంలో వెనక్కి వాలారు. "అబ్బా!" అంటూ లేచి నిలబడ్డారు. ఆయన లేచారు కాబట్టి అందరూ లేచారు. సమావేశం ముగిసింది.

జులై ఆఖరున చారికి శాలువాతోపాటు మెమో కూడా ఇచ్చారు. "ఉద్దేశపూర్వకముగా నూట ఇరవై నిరుపయోగ కుర్చీలు తయారుచేసినందుకు తీవ్రముగా మందలించడమైనది." గేటు దగ్గర వాచ్‌మన్ సంచీ తనిఖీ చేసి ఎండీఎఫ్ ముక్క బయటికి తీశాడు. ఇటూ అటూ తిప్పి చూశాడు. నంబరు బిళ్ళ లేదు. బిళ్ళ లేనిది ప్రభుత్వ ఆస్తి ఎలా అవుతుంది? సంచీలో పెట్టేశాడు.

బయట వాన దంచేస్తోంది. చారి గొడుగేసుకుని తిన్నగా కాలవగట్టుకి నడిచాడు. బడి గుమ్మంలో నీళ్ళు నిలిచున్నాయి. గచ్చంతా చెమ్మ, మూలల్లో ఊట. యూరియా సంచులు కిటికీకి పరదాలయ్యాయి. పిల్లలు నూట ఇరవైమందీ కుర్చీల్లో ఉన్నారు, కాళ్ళు నీటికి జానెడెత్తున ఆడిస్తూ. ఒక్కడికీ తడి లేదు. ఇచ్చిన మాట ఆలస్యమైంది, తొలకరి ఎప్పుడో దాటిపోయింది. ఆ సంగతి ఆయనకి ముల్లులా గుచ్చుతూనే ఉంది.

"రండి రండి! తడిసిపోతున్నారు!" అంటూ రత్నకుమారి టీచరు ఎదురొచ్చింది. "మా ఒకటో తరగతి ఈ ఏడు ఎంత తొందరగా చదువుతోందో చూడండి. అక్షరాలన్నీ ముందు వరస కుర్చీల వెనకే ఉన్నాయిగా! ఒసే పరంజ్యోతీ, తాతగారికి చదివి వినిపించు."

రెండు జడల పిల్ల ముందుకి వంగి, ఎదుటి కుర్చీ వీపు మీది ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటీ కూడబలుక్కుంది.

"ప... ని... కి... రా... దు."

చదివేసి, ఎంతో గొప్పపని చేసినట్టు చారికేసి చూసి, హాయిగా వెనక్కి వాలి కూచుంది. చారి ఆ పిల్ల వీపుకేసే చూస్తూ నిలబడ్డాడు. ఎక్కడా ఉలిక్కిపడలేదు. ఆయనకి సంతోషం పట్టలేక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"వచ్చే ఏడు ఇంకో నలభైమంది చేరతారండి," అంది టీచరు.

చారి సంచీలోంచి అచ్చు తీసి, తడి అంటకుండా కండువాతో తుడిచి, తలుపు వెనక మేకు కోసం వెతికాడు.